ఆర్డుయినో యూనోలో తెలుగు సందేశాలు ర్యామ్‌ను ఎందుకు నింపేస్తున్నాయి, వాటిని ఫ్లాష్‌లోనే ఎలా ఉంచాలి?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఆర్డుయినో యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు, ఎస్ఎమ్ఎస్‌లు పంపే సిమ్800 రకం జీఎస్ఎమ్ మాడ్యూల్ తగిలించి, బోరు మోటారు స్టార్టరుకు ఒక కంట్రోలర్ తయారు చేస్తున్నారు. మోటారు ఆన్ అయిందనీ, ఒక ఫేజు పోయిందనీ, బోరులో నీరు అందడం లేదనీ రైతుకు తెలుగులో ఎస్ఎమ్ఎస్ వెళ్లాలి. అలాంటి సందేశాలు ఇరవై నాలుగు ఉన్నాయి. కంపైల్ చేస్తే, అంటే ప్రోగ్రామును చిప్‌కు అర్థమయ్యే కోడుగా మారిస్తే, 2048 బైట్ల ర్యామ్‌లో 1806 బైట్లు, అంటే 88 శాతం, నిండినట్లు చూపిస్తోంది. రెండు మూడు సందేశాలు సవ్యంగా వెళ్లాక బోర్డు తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. ప్రతి వాక్యం ముందూ కాన్‌స్ట్ అని చేర్చినా ఆ అంకె ఒక్క బైటు కూడా తగ్గలేదు. ఎందుకని, ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. యూనోలో ఉన్న ఏవీఆర్ చిప్‌లో కాన్‌స్ట్ అన్నంత మాత్రాన వాక్యం ఫ్లాష్‌లో, అంటే ప్రోగ్రాము నిలిచి ఉండే మెమరీలో, ఉండిపోదు. ఆ మాటకు అర్థం ప్రోగ్రాము దాన్ని మార్చకూడదు అన్నంతవరకే. వాక్యం ఫ్లాష్‌లోనే ఉండాలంటే దానికి ప్రోగ్‌మెమ్ అనే గుర్తు పెట్టాలి, లేదా ప్రింట్ చేసే చోట ఎఫ్ మ్యాక్రోలో రాయాలి. అలా ఉంచిన వాక్యాన్ని చదవడానికి వేరే ఫంక్షన్లు వాడాలి. వీటితో పాటు, మీ సందేశాలు తెలుగువి కాబట్టి, ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు తీసుకునే యూటీఎఫ్-8 రూపంలో కాకుండా అక్షరానికి ఒకే బైటు చొప్పున దాచుకుంటే పరిమాణం దాదాపు మూడో వంతుకు దిగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది చదివే పద్ధతి. ఫ్లాష్‌లో దాచిన వాక్యాన్ని పంపేముందు మొత్తంగా ర్యామ్‌లోకి తెచ్చుకుంటే, దాచిన ప్రయోజనంలో సగం పోతుంది. ఒక్కో బైటు చదివి అక్కడికక్కడే మాడ్యూల్‌కు పంపించేయాలి.

కారణం తెలిస్తే మిగతావన్నీ మీకే తడతాయి కనుక దాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

యూనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో మూడు రకాల మెమరీలు ఉన్నాయి. ప్రోగ్రాము ఉండే ఫ్లాష్ 32 కిలోబైట్లు, పని జరిగేటప్పుడు వాడుకునే ర్యామ్ 2 కిలోబైట్లు, కరెంటు పోయినా నిలిచే ఈఈప్రామ్ 1 కిలోబైటు. ఫ్లాష్, ర్యామ్ రెండూ ఒకే వీధిలో వరుసగా ఉన్న ఇళ్లు కావు. అవి రెండు వేర్వేరు వీధులు, రెండింటిలోనూ ఇంటి నంబర్లు సున్నా నుంచే మొదలవుతాయి. ఫ్లాష్‌లో 300 నంబరు చిరునామా ఉంది, ర్యామ్ వైపు కూడా 300 నంబరు చిరునామా ఉంది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఈ అమరికనే హార్వర్డ్ నిర్మాణం అంటారు. ర్యామ్ నుంచి చదవడానికి చిప్‌లో ఎల్‌డీ అనే ఆదేశం ఉంటే, ఫ్లాష్ నుంచి చదవడానికి ఎల్‌పీఎమ్ అనే మరో ఆదేశం ఉంది.

చిక్కంతా సీ భాషతో వస్తుంది. సీలో పాయింటర్ అంటే ఒక అంకె మాత్రమే, అది ఏ వీధిలోని ఇల్లో ఆ అంకెలో రాసి ఉండదు. ఒక ఫంక్షన్‌కు క్యారెక్టర్ పాయింటర్ అందితే అది ర్యామ్‌దా ఫ్లాష్‌దా అని తెలుసుకునే దారి లేదు కనుక, కంపైలర్ ఎప్పుడూ ర్యామ్‌దే అనుకొని ఎల్‌డీ ఆదేశమే రాస్తుంది. ఆ నమ్మకం చెల్లాలంటే వాక్యాలన్నీ నిజంగానే ర్యామ్‌లో ఉండాలి. అందుకే మీ ప్రోగ్రాము మొదలయ్యే ముందు, సెటప్ ఫంక్షన్ కంటే కూడా ముందు, కంపైలర్ చేర్చిన ఒక చిన్న కోడు నడుస్తుంది. అది వాక్యాలన్నిటినీ ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి నకలు చేస్తుంది. అంటే మీ ప్రతి సందేశమూ ఇప్పుడు రెండు చోట్ల ఉంది. అసలు ప్రతి ఫ్లాష్‌లో, నకలు ర్యామ్‌లో. ఒక్కసారి కూడా పంపని సందేశానికి సైతం ర్యామ్‌లో చోటు పోతూనే ఉంటుంది. కాన్‌స్ట్ పెట్టినా ఈ నకలు ఆగదు.

మీరు రాసిన వాక్యాలలో ఒకదాన్నే తీసుకుందాం. «మోటారు ఆన్ అయింది» అన్నదానిలో తెలుగు సంకేతాలు 15, ఖాళీలు 2. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు, పొల్లు, సున్న అన్నీ విడివిడి సంకేతాలుగా లెక్కకు వస్తాయని గుర్తుంచుకోండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున 45, ఖాళీలకు 2, చివరన వాక్యాంతపు సున్నాకు 1, వెరసి 48 బైట్లు. ఇలాంటివి ఇరవై నాలుగు ఉంటే వెయ్యి బైట్లు దాటుతాయి. అది మీ మొత్తం ర్యామ్‌లో సగం. ఇంగ్లిష్‌లో ఇదే కంట్రోలర్ చేసినవారికి ఈ ఇబ్బంది కనిపించకపోవడానికి కారణం ఇదే. వారి ఉదాహరణలు చూసి చేసిన మనకు మూడింతల బరువు పడుతుంది.

ఇక పద్ధతులకు వస్తాను.

తేలికైనది ఎఫ్ మ్యాక్రో. సీరియల్ ప్రింట్ అని రాసి కొటేషన్లలో నేరుగా వాక్యం ఇచ్చే ప్రతిచోటా ఆ వాక్యాన్ని ఎఫ్ బ్రాకెట్‌లో పెట్టండి. ఆ వాక్యం ఫ్లాష్‌లోనే ఉండిపోతుంది. దానికి కంపైలర్ దృష్టిలో వేరే రకం పేరు వస్తుంది కాబట్టి ప్రింట్ ఫంక్షన్ తానే ఎల్‌పీఎమ్‌తో చదివే రూపాన్ని ఎంచుకుంటుంది. ఎల్‌సీడీ, సాఫ్ట్‌వేర్ సీరియల్ లాంటి ప్రింట్ మీద ఆధారపడిన లైబ్రరీలన్నిటిలోనూ ఇది పనిచేస్తుంది. మీ స్కెచ్‌లో, అంటే ఆర్డుయినో ప్రోగ్రాములో, కంప్యూటర్‌లో చూసే సీరియల్ మానిటర్ కోసం రాసుకున్న ఇంగ్లిష్ వాక్యాలకూ, మాడ్యూల్‌కు పంపే ఏటీ ఆదేశాలకూ ఇదే సరైన మందు. ముందు ఇది ఒక్కటే చేసి కంపైల్ చేయండి, అంకె ఎంత దిగుతుందో చూస్తే మీకే ధైర్యం వస్తుంది. రెండు పరిమితులు ఉన్నాయి. ఇది ఫంక్షన్ల లోపల మాత్రమే చెల్లుతుంది, బయట గ్లోబల్‌గా రాయడానికి కుదరదు. ఒకే వాక్యాన్ని ఐదు చోట్ల ఎఫ్‌లో రాస్తే ఫ్లాష్‌లో ఐదు ప్రతులు పడతాయి. మామూలు వాక్యాలైతే కంపైలర్ ఒకటిగా కలుపుతుంది, వీటిని కలపదు. పదే పదే వచ్చే వాక్యాన్ని ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టి పిలవడం మేలు.

మీ ఇరవై నాలుగు సందేశాలను సంఖ్యను బట్టి ఎంచుకొని పంపాలి కాబట్టి వాటికి ప్రోగ్‌మెమ్ కావాలి. పద్ధతి ఇది: ఒక్కో సందేశాన్ని ఒక్కో పేరుతో, కాన్‌స్ట్ క్యారెక్టర్ అర్రేగా, ప్రోగ్‌మెమ్ గుర్తుతో, ఫంక్షన్లకు బయట ప్రకటించాలి. ఫంక్షన్ లోపలే పెట్టుకోవాలంటే స్టాటిక్ అని తప్పక చేర్చాలి. తరువాత వాటి చిరునామాల పట్టిక ఒకటి రాసి దానికీ ప్రోగ్‌మెమ్ పెట్టాలి. చదివేటప్పుడు రెండు మెట్లు ఉంటాయి. పట్టిక నుంచి చిరునామాను పీజీఎమ్ రీడ్ వర్డ్‌తో లేదా పీజీఎమ్ రీడ్ పీటీఆర్‌తో తీసుకోవాలి. ఆ చిరునామా నుంచి ఒక్కో బైటును పీజీఎమ్ రీడ్ బైట్‌తో సున్నా వచ్చేదాకా చదవాలి.

ఈ పట్టిక దగ్గరే ఎక్కువ మంది జారిపడతారు. నేనూ జారిపడ్డాను. నా మొదటి కంట్రోలర్‌లో సందేశాలకు విడివిడి పేర్లు పెట్టడం ఎందుకని, పట్టికలోనే కొటేషన్లలో వాక్యాలన్నీ వరుసగా రాసి, పట్టిక చివర ప్రోగ్‌మెమ్ అని పెట్టాను. ఫ్లాష్‌లోకి వెళ్లింది పట్టిక మాత్రమే. అంటే ఒక్కో చిరునామాకు 2 బైట్ల చొప్పున నాలుగు పదుల పైచిలుకు బైట్లు. వాక్యాలన్నీ ర్యామ్‌లోనే మిగిలాయి. ఎక్కడ తప్పు చేశానో తెలియక రెండు రోజులు మాడ్యూల్‌ను అనుమానించాను. పట్టికకు పెట్టిన గుర్తు అది చూపించే వాక్యాలకు వర్తించదు, వాక్యాలకు విడిగా పెట్టాల్సిందే.

ఇంకో తప్పు ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది పరీక్షలో బయటపడకపోవచ్చు. ప్రోగ్‌మెమ్ అర్రేను పీజీఎమ్ రీడ్ లేకుండా మామూలుగా చదివితే కంపైలర్ అభ్యంతరం చెప్పదు. ఫ్లాష్ చిరునామాను ర్యామ్ చిరునామాగా భావించి అక్కడ ఏముంటే అది ఇస్తుంది. సాధారణంగా చెత్త అక్షరాలు వస్తాయి కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. కానీ మీరు పరీక్ష కోసం మూడో సందేశంలో మొదటి అక్షరం అని స్థిరమైన అంకెలతో రాశారనుకోండి. కంపైలర్‌కు ఆ అర్రే కళ్లెదుటే ఉంది కాబట్టి, మెమరీ జోలికి పోకుండా జవాబును ముందే లెక్కకట్టి కోడులో పెట్టేయగలదు. అప్పుడు తప్పు కోడే సరైన జవాబు చూపిస్తుంది. తరువాత ఆ అంకె స్థానంలో చలరాశి వచ్చిన రోజున చెత్త మొదలవుతుంది. అందువల్ల పరీక్షను కూడా ఎప్పుడూ చలరాశితోనే, వీలైతే సీరియల్ మానిటర్ నుంచి సంఖ్య తీసుకొని చేయండి.

అదే కారణంగా, మామూలు స్ట్రింగ్ ఫంక్షన్లకు ప్రోగ్‌మెమ్ చిరునామా ఇవ్వకూడదు. పోల్చడానికీ, నకలు చేయడానికీ, పొడవు కొలవడానికీ చివర అండర్‌స్కోర్ పీ ఉన్న ప్రత్యేక రూపాలు ఏవీఆర్ లిబ్‌సీ లైబ్రరీలో ఉన్నాయి. మాడ్యూల్ నుంచి వచ్చిన జవాబును «ఓకే», «ఎర్రర్» వంటి పదాలతో పోల్చే చోట స్ట్ర్‌కంప్ అండర్‌స్కోర్ పీ వాడితే ఆ పదాలు కూడా ర్యామ్‌ను వదులుతాయి. అంకెలను, పదాలను వాక్యంలో అమర్చే స్ప్రింట్ఎఫ్ తరహా వాక్యాలలో ఫ్లాష్‌లోని పదాన్ని చొప్పించాలంటే శాతం గుర్తు తరువాత చిన్న ఎస్ బదులు పెద్ద ఎస్ వాడాలి.

మరికొందరు అండర్‌స్కోర్ అండర్‌స్కోర్ ఫ్లాష్ అనే గుర్తును సిఫారసు చేస్తారు. అది పాయింటర్‌కే వీధి పేరు అతికించే పద్ధతి, నిజానికి ప్రోగ్‌మెమ్ కంటే శుభ్రమైనది. కానీ ఆర్డుయినో వాడే కంపైలర్ జీసీసీ దాన్ని సీ భాషకు మాత్రమే ఇచ్చింది. ఆర్డుయినో స్కెచ్ సీ ప్లస్ ప్లస్‌గా కంపైల్ అవుతుంది కాబట్టి మీకు అది పనికిరాదు.

ఫ్లాష్ నుంచి చదవడం నెమ్మదేమో అని కొందరు జంకుతారు. ర్యామ్ నుంచి ఒక బైటు చదవడానికి 2 క్లాక్ సైకిళ్లు, ఫ్లాష్ నుంచి 3 సైకిళ్లు. 16 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తేడా సెకనులో కోటి అరవై లక్షల వంతుల్లో ఒకటి. మీ మాడ్యూల్‌కు 9600 బాడ్ వేగంతో ఒక్క అక్షరం పంపడానికే ఒక మిల్లీసెకను దాటుతుంది. కనుక వేగం గురించి ఆలోచించకండి.

ఇప్పుడు తెలుగు విషయం. నా అనుభవంలో ప్రోగ్‌మెమ్ కంటే దీనివల్లే ఎక్కువ కలిసివచ్చింది కాబట్టి ఓపికగా చదవండి.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు దశాంశంలో 3072 నుంచి 3199 వరకు, సరిగ్గా 128. యూటీఎఫ్-8లో ఇవన్నీ 224 అనే బైటుతోనే మొదలవుతాయి. రెండో బైటు 176 లేదా 177. మూడోదే నిజంగా మారేది. అంటే ప్రతి అక్షరానికీ దాదాపు రెండు బైట్లు మనకు ముందే తెలిసిన సంగతినే మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. మరోవైపు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఖాళీలు, చుక్కలు అన్నీ 0 నుంచి 127 లోపు ఇమిడిపోతాయి. కాబట్టి 128 నుంచి 255 వరకు ఉన్న సగం తెలుగుకు సరిగ్గా సరిపోతుంది. తెలుగు సంకేతం సంఖ్యలోంచి 3072 తీసివేసి 128 కలపండి, ఒక్క బైటు వస్తుంది. ఉదాహరణకు మ సంఖ్య 3118. దానిలోంచి 3072 పోతే 46, 128 కలిపితే 174. యూటీఎఫ్-8లో 224, 176, 174 అని మూడు బైట్లుగా ఉండే అక్షరం ఇలా ఒక్క 174గా మిగులుతుంది. «మోటారు ఆన్ అయింది» 48 బైట్ల నుంచి 18 బైట్లకు దిగుతుంది. మీ సందేశాలన్నీ ఇదే పొడవు అనుకుంటే మొత్తం 432 బైట్లు, అదీ ఫ్లాష్‌లో.

మీ పనికి ఇది ఇంకో విధంగానూ కలిసివస్తుంది. తెలుగు ఎస్ఎమ్ఎస్ ఒక్కో సంకేతానికి రెండు బైట్లు వాడే యూసీఎస్2 పద్ధతిలో వెళుతుంది. మాడ్యూల్‌కు ఒక్కో అక్షరాన్ని నాలుగు హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా రాసే) అంకెలుగా ఇవ్వాలి. మీరు సందేశాలను ఆ నాలుగంకెల రూపంలోనే, అంటే అక్షరానికి 4 బైట్ల చొప్పున, దాచుకొని ఉంటే యూటీఎఫ్-8 కంటే కూడా ఎక్కువ చోటు పోతుంది. పై వాక్యమే 68 బైట్లు అవుతుంది. ఒక్క బైటు రూపంలో దాచితే, పంపేటప్పుడు ఆ నాలుగు అంకెలు చేయడం రెండు మూడు వరుసల పని. బైటు 128 కంటే తక్కువైతే ముందు రెండు సున్నాలు, తరువాత ఆ బైటు రెండు హెక్స్ అంకెలు. 128 లేదా ఎక్కువైతే ముందు సున్నా, సీ అనే రెండు అంకెలు, తరువాత 128 తీసివేసిన విలువ రెండు హెక్స్ అంకెలుగా. ఏ పట్టికా అక్కర్లేదు. ఫ్లాష్ నుంచి ఒక బైటు చదవండి, నాలుగు అంకెలు మాడ్యూల్‌కు పంపండి, తరువాతి బైటుకు వెళ్లండి. వాక్యం పొడవు ఎంతైనా ర్యామ్‌లో ఒక్క బైటుకు మించి చోటు పట్టదు. సందేశం మధ్యలో వోల్టేజి అంకె చొప్పించాలంటే, వాక్యంలో ఆ చోట ఒక ప్రత్యేక గుర్తు, ఉదాహరణకు 1 విలువ గల బైటు, పెట్టి అది ఎదురైనప్పుడు అంకెలను పంపండి. స్ప్రింట్ఎఫ్‌తో వంద బైట్ల బఫర్ నింపాల్సిన పని ఉండదు.

దీనిలో మెలికలు కొన్ని ఉన్నాయి. తెలుగు సందేశాలలో అప్పుడప్పుడు కంటికి కనిపించని సంకేతం ఒకటి దూరుతుంది. «ఆన్‌లో» వంటి మాటలో పొల్లు తరువాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపడానికి కీబోర్డులు చేర్చే శూన్య వెడల్పు గుర్తు అది. దాని సంఖ్య 8204, తెలుగు 128 స్థానాలలో లేదు. దాన్ని వదిలేస్తే మాట చదవడానికి వికారంగా మారుతుంది. తెలుగు స్థానాలలో ఌ అక్షరానికీ ఎ అక్షరానికీ మధ్య 3085 అనే స్థానం ఖాళీగా ఉంది. నేను ఆ ఖాళీకి వచ్చే 141 బైటును ఈ గుర్తుకు వాడుకుంటాను, పంపేటప్పుడు మాత్రం రెండు, సున్నా, సున్నా, సీ అని పంపుతాను. రూపాయి గుర్తు కావాలన్నా ఇలాగే మరో ఖాళీ వాడుకోవచ్చు. రెండోది, యూసీఎస్2లో ఒక ఎస్ఎమ్ఎస్‌కు 70 సంకేతాలే పడతాయి. గుణింతాలు కూడా లెక్కకు వస్తాయి కాబట్టి సందేశాలను క్లుప్తంగా రాసుకోవాలి. మూడోది, మాడ్యూల్‌ను యూసీఎస్2 అక్షర సమూహానికి మార్చినప్పుడు ఫోను నంబరును కూడా అదే నాలుగంకెల రూపంలో ఇవ్వాలి. సందేశపు అమరికలు చెప్పే సీఎస్ఎమ్‌పీ ఆదేశంలో చివరి అంకె 8 ఉండాలి.

ఈ మార్పిడిని చేత్తో చేయకండి. తెలుగు సందేశాలు వరుసకొకటి చొప్పున ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకొని, కంప్యూటర్‌లో ఇరవై వరుసల పైథాన్ స్క్రిప్టుతో హెడర్ ఫైలు తయారు చేయించండి. నేను అలాగే చేస్తాను. అసలు తెలుగు ఫైలు చేతిలో ఉంటుంది కాబట్టి వాక్యంలో తప్పు దొరికితే దిద్దడం సులువు. ఆ స్క్రిప్టే 70 దాటిన సందేశాన్ని పట్టి చూపిస్తుంది, తెలియని సంకేతం ఎదురైతే ఆగిపోతుంది. ఇంకో మాట, ఇలా తయారు చేసేటప్పుడు నేను చిరునామాల పట్టికను కూడా మానేశాను. సందేశాలన్నీ ఒకే పొడవైన ప్రోగ్‌మెమ్ అర్రేలో, మధ్య మధ్య సున్నాలతో ఉంటాయి. పదో సందేశం కావాలంటే మొదటి నుంచి సున్నాలు లెక్కపెట్టుకుంటూ వెళ్లడమే. 432 బైట్లు వెతకడానికి అర మిల్లీసెకను కూడా పట్టదు. పాయింటర్ల రెండు మెట్ల చదువు, దానితో వచ్చే తప్పులు రెండూ పోతాయి. సందేశాలు వందలు దాటితే మాత్రం పట్టికే నయం.

ఎస్ఎమ్ఎస్ కాక తెరమీద తెలుగు చూపించాలనుకుంటే ఈ ఒక్క బైటు రూపం సరిపోదు. ఒత్తులు, గుణింతాలు కలిపి గీయడం యూనో చేయగల పని కాదు. వరుసకు 16 అక్షరాల చొప్పున 2 వరుసల మామూలు ఎల్‌సీడీలో ఒకేసారి ఎనిమిది సొంత అక్షరాలకే చోటు ఉంటుంది కాబట్టి అదీ కుదరదు. చుక్కలుగా గీసే గ్రాఫిక్ తెర వాడి, 128 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు గల పూర్తి వరుసను బొమ్మగా దాచడం మేలు. అలాంటి వరుస ఒకటి 256 బైట్లు, ఇరవై నాలుగు కలిపి 6144 బైట్లు. ఫ్లాష్‌లో అది హాయిగా పడుతుంది.

ఇక బోర్డు రీసెట్ అవడం గురించి. కంపైలర్ చూపించే 1806 అంకెలో గ్లోబల్ చలరాశులు, వాక్యాలు మాత్రమే ఉంటాయి. మిగిలిన 242 బైట్లలో స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక విలువల చోటు), హీప్ (ప్రోగ్రాము నడుస్తుండగా అడిగి తీసుకునే చోటు) రెండూ బతకాలి. స్టాక్ ర్యామ్ పై చివర నుంచి కిందికి పెరుగుతుంది, హీప్ కింది నుంచి పైకి పెరుగుతుంది. మీరు మాడ్యూల్ జవాబులను పెద్ద ఎస్‌తో రాసే స్ట్రింగ్ క్లాసులో కూడబెడుతున్నారని రాశారు. ఆ క్లాసు హీప్‌ను వాడుకుంటుంది. ప్లస్ గుర్తుతో కలిపిన ప్రతిసారీ పాతదాని పక్కన కొత్తది పుడుతుంది, మధ్యలో వాడుకోలేని ఖాళీలు మిగులుతాయి. ఏదో ఒక సమయంలో హీప్, స్టాక్ ఒకదాన్నొకటి తొక్కుతాయి. ఫంక్షన్ తిరిగి వెళ్లాల్సిన చిరునామా చెడిపోతే ప్రోగ్రాము ఎక్కడికో దూకి చివరకు మొదటికి వస్తుంది. అందుకే రెండు మూడు సందేశాలు బాగానే వెళ్లి తరువాత తేడా వస్తోందని నా అంచనా. వాక్యాలను ఫ్లాష్‌లోకి పంపితే చోటు పెరిగి ఈ ప్రమాదం దూరమవుతుంది గానీ, స్ట్రింగ్ క్లాసును కూడా వదిలి, నిర్ణీత పొడవు గల ఒక క్యారెక్టర్ బఫర్ వాడండి. ఏళ్ల తరబడి ఆగకుండా నడవాల్సిన పరికరంలో హీప్ వద్దనే నేను ఎవరికైనా చెబుతాను.

అయితే ర్యామ్‌నే దోషిని చేసే ముందు ఒకటి సరిచూసుకోండి. సిమ్800 సిగ్నల్ పంపే క్షణాల్లో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సప్లై బలహీనంగా ఉంటే వోల్టేజి కుంగి బోర్డు రీసెట్ అవుతుంది, లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. తేల్చుకోవడానికి ఒక ఖాళీ స్కెచ్‌లో ఒకే ఒక చిన్న ఇంగ్లిష్ సందేశాన్ని వరుసగా ముప్పై సార్లు పంపి చూడండి. అప్పుడూ రీసెట్ అయితే తప్పు సప్లైది. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి బోర్డుల్లో కొన్నిటికి రెండు జబ్బులూ ఉన్నాయి, ఒకటి నయం చేసి రెండోది మరిచిపోతే పరికరం పొలంలో మళ్లీ మొండికేస్తుంది.

ముందు ముందు ఓఎల్ఈడీ తెర చేర్చే ఆలోచన ఉంటే ఇది గుర్తుంచుకోండి. 128 బై 64 చుక్కల తెరకు పూర్తి బఫర్ పెట్టే లైబ్రరీ 1024 బైట్లు, అంటే సగం ర్యామ్, తీసుకుంటుంది. ప్రోగ్రాము నడవడం మొదలయ్యాక హీప్ నుంచి అడిగే లైబ్రరీ అయితే కంపైలర్ అంకెలో అది కనిపించనే కనిపించదు. తెరను ముక్కలు ముక్కలుగా గీసే లైబ్రరీని ఎంచుకోండి.

వేరే చిప్‌కు మారితే ఈ కథ మారుతుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కాలేజీ ప్రాజెక్టుల్లో చాలామంది వాడిన 8051 కుటుంబంలోనూ రెండు వీధులే, కైల్ కంపైలర్‌లో కోడ్ అనే గుర్తు పెడితే వాక్యం ప్రోగ్రామ్ మెమరీలో ఉంటుంది, పాయింటర్ సంగతి కంపైలర్ చూసుకుంటుంది. ఏటీమెగా4809లో ఫ్లాష్‌ను డేటా వీధిలోంచి కూడా చూడవచ్చు, అక్కడ కాన్‌స్ట్ చాలు. ఎస్‌టీఎమ్32 వంటి ఆర్మ్ చిప్‌లలో చిరునామాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి కనుక కాన్‌స్ట్ వాక్యాలు సహజంగానే ఫ్లాష్‌లో ఉంటాయి. ఈఎస్‌పీ32లోనూ అంతే. ఈఎస్‌పీ8266లో మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ కూడా వాక్యాలు మామూలుగా ర్యామ్‌లోకే వస్తాయి, ప్రోగ్‌మెమ్ పెడితే ఫ్లాష్‌లో ఉంటాయి, కానీ అక్కడి ఫ్లాష్‌ను నాలుగేసి బైట్లుగానే చదవాలి. నేరుగా ఒక బైటు చదవబోతే ఎక్సెప్షన్ వచ్చి ఆగిపోవచ్చు. పీజీఎమ్ రీడ్ బైట్ వాడితే ఆ సర్దుబాటు అదే చేస్తుంది. ఏటీమెగా2560 ఉన్న మెగా బోర్డులో ఒకే తేడా ఉంది. మామూలు పీజీఎమ్ రీడ్ మొదటి 64 కిలోబైట్లనే చేరగలదు. కోడు ముక్కలను ఒకటిగా కూర్చే లింకర్ ప్రోగ్‌మెమ్ వాక్యాలను ఫ్లాష్ మొదట్లోనే పెడుతుంది కనుక, బొమ్మలూ ఫాంట్లూ కలిపి 64 కిలోబైట్లు దాటేదాకా మీకు ఇబ్బంది ఎదురవదు. దాటితే ఫార్ అనే రూపాలు వాడాలి.

ఏది ఫ్లాష్‌లో పెట్టకూడదో కూడా చెప్పాలి. రైతు ఫోను నంబరు, పొలం పేరు, డ్రై రన్ (నీరు లేకుండా మోటారు నడవడం) సమయం వంటి మార్చుకునే వివరాలను ప్రోగ్‌మెమ్‌లో పెట్టకండి. ఈ చిప్‌లో ఫ్లాష్‌ను రాసే ఆదేశం కొత్త ప్రోగ్రామును ఎక్కించే బూట్‌లోడర్ భాగం నుంచి మాత్రమే పనిచేస్తుంది, మీ స్కెచ్ నుంచి కుదరదు. వాటి చోటు ఈఈప్రామ్. 1024 బైట్లు, ఒక్కో బైటును లక్ష సార్లు రాయవచ్చని తయారీదారు హామీ. దీనిలో నాకు ఒక చేదు అనుభవం ఉంది. ఒకసారి పొలాల్లో నడుస్తున్న పది కంట్రోలర్లకు సందేశాల వాక్యాలు దిద్దడానికి యూఎస్‌బీ బదులు, చిప్‌లోకి నేరుగా కోడు రాసే ఐఎస్‌పీ ప్రోగ్రామర్ పరికరంతో కొత్త కోడు ఎక్కించాను. ఐఎస్‌పీ ముందుగా చిప్‌ను మొత్తం చెరిపేస్తుంది. దానితో పాటు ఈఈప్రామ్‌లోని రైతుల నంబర్లన్నీ పోయాయి. ఆ రాత్రి ఎవరికీ సందేశం వెళ్లలేదు, ఒక బోరు నీరు లేకుండా చాలాసేపు నడిచింది. ఈఈసేవ్ అనే ఫ్యూజు, అంటే చిప్‌లోని ఒక స్థిరమైన సెట్టింగు, అమర్చి ఉంటే ఈఈప్రామ్ నిలిచేది. మీరు యూఎస్‌బీ ద్వారా బూట్‌లోడర్‌తో ఎక్కిస్తున్నంతకాలం ఈ భయం లేదు, ఐఎస్‌పీకి మారే ముందు మాత్రం ఆ ఫ్యూజు చూసుకోండి.

చివరగా, ప్రతి మార్పు తరువాత కొలవండి. కంపైల్ అయ్యాక ఏవీఆర్-సైజ్ అనే సాధనం టెక్స్ట్ (కోడు, ఫ్లాష్‌కే పరిమితమైనవి), డేటా (ర్యామ్‌లోకి నకలయ్యేవి), బీఎస్ఎస్ (సున్నాతో మొదలయ్యే చలరాశులు) అని మూడు అంకెలు ఇస్తుంది. టెక్స్ట్, డేటా కలిపితే ఫ్లాష్ వాడకం. డేటా, బీఎస్ఎస్ కలిపితే ర్యామ్ వాడకం. ఒక వాక్యం నిజంగా ఫ్లాష్‌కే పరిమితమైతే డేటా అంకె దాని పొడవంత తగ్గి టెక్స్ట్ అంకె అంత పెరగాలి. డేటా కదలకపోతే ఎక్కడో ప్రోగ్‌మెమ్ గుర్తు తప్పు చోట పడిందని అర్థం. మీ 1806 అంకె, సందేశాలు ఒక్కటే మార్చినా, 700 ప్రాంతానికి రావాలి. ఎఫ్ మ్యాక్రోలు కూడా పెడితే ఇంకా దిగుతుంది. అలా దిగకపోతే సందేశాల ప్రకటన, పట్టిక, చదివే ఫంక్షన్ ఈ మూడు భాగాలను మాత్రం ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.